జమ్మి ఇంటిపేరు

సోమవారం పొద్దున్నే పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బళ్ళారి జిల్లాలో కూరెకుప్ప అవతల గని మట్టిదిబ్బల మీద చెట్లు పెంచడానికి పెట్టిన నర్సరీ అది. అక్కడికి నీళ్ళ ట్యాంకరు అడిగినా రాదు గానీ, కాగితాలు అడక్కుండానే వస్తాయి. సూపర్‌వైజరు హంపన్న దాన్ని మూడుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివి, చివరికి రాహేలు దగ్గరికి నడిచాడు.

రాహేలు ఎనిమిదో మడి దగ్గర గొంతుక్కూర్చుని సంచులు జరుపుతోంది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెరిగే మొక్కల్ని నెలకోసారి ఇలా పక్కకు జరపకపోతే వేర్లు సంచి అడుగును చీల్చుకుని నేలలోకి దిగిపోతాయి. తర్వాత ఎత్తబోతే తెగుతాయి. జమ్మి మొక్కకు ఈ యావ మరీ ఎక్కువ. పైన జానెడు పెరిగిందంటే కింద మూరెడు దిగిందన్నమాటే. పదిహేనేళ్ళుగా ఆ పనే చేస్తున్న రాహేలు సంచి ఎత్తకుండానే, కుదిపి చూసి, వేరు దిగిందో లేదో చెప్పేస్తుంది.

"రాహేలమ్మా, ఈ ఎనిమిది, తొమ్మిది, పది మళ్ళు ఖాళీ చెయ్యల్ల," అన్నాడు హంపన్న. "గురువారం సాహేబ్రు వస్తాండారు. ఆలోపల ఫోటో తీసి పంపల్ల."

"అప్పుడే యాటికి పంపుతారప్పా? ఇంకా ఒక వాన కూడా పడల్యా. దిబ్బ మీద నాటితే మాడిపోతాయి."

"నాటేదానికి కాదు. పీకి పారేసేదానికి."

రాహేలు చేతిలోని సంచిని నెమ్మదిగా కింద పెట్టింది. ఏదో తమాషా అనుకుని అతని మొహంలోకి చూసింది. హంపన్నకు తమాషాలు చేతకావు.

"ప్రోసోపిస్ మొక్కలు ఏ నర్సరీలోనూ ఉండకూడదంట," అని కాగితం చూపించాడు. "చేలు మింగే కంప అంట. నీ మడి మీద బోర్డులో ఏముండాది చూడు. ప్రోసోపిస్."

"ఇది సర్కారు కంప కాదప్పా. జమ్మి. మీ బన్ని."

"బన్ని అని నాకు గొత్తు లేదా? దసరాకి బంగారమని పంచుకునేది నేను కాదా?" హంపన్న గొంతు తగ్గింది. "కాగితంలో బన్ని అని లేదు, జాలి కంప అని లేదు. ప్రోసోపిస్ అని ఉండాది. బోర్డులోనూ అదే ఉండాది. నన్నేం చెయ్యమంటావు చెప్పు."

హంపన్న చెడ్డవాడేం కాదు. పామును చూసి భయపడేవాళ్ళుంటారు, పెళ్ళాన్ని చూసి భయపడేవాళ్ళుంటారు, ఇతను కాగితాన్ని చూసి భయపడే రకం. అంతే తేడా. అతను వెళ్ళిపోయాక రాహేలు మళ్ళ మీదికి చూపు తిప్పింది. మూడు మళ్ళల్లో కలిపి పన్నెండు వందల మొక్కలు. పోయిన ఎండాకాలం పొలంగట్ల మీది జమ్మి చెట్ల కింద ముళ్ళలో దూరి ఏరిన కాయలు. వేన్నీళ్ళలో నానబెట్టి, సంచికి మూడేసి గింజలు వేసి, మొలిచాక ఒక్కటే ఉంచి, పది నెలలు పెంచింది. ఇంకో నెలలో దిబ్బ ఎక్కాల్సినవి. ఆ ఎర్రమట్టి దిబ్బ మీద ఎన్ని రకాలు నాటినా రెండో వేసవికి మాడిపోతున్నాయి. జమ్మి అయితే నిలబడుతుందని మూడేళ్ళుగా పోరుపెట్టి ఒప్పించింది కూడా రాహేలే. పీకేస్తే మళ్ళీ గింజలకు ఏడాది ఆగాలి, ఆలోపల ఆ మళ్ళు ఇంకెవరికో, ఇంకే మొక్కకో ఇచ్చేస్తారు.

మధ్యాహ్నం సద్ది తినకుండానే రేకుల షెడ్డులోకి వెళ్ళింది. అక్కడ హిమబిందు కొత్త బోర్డులకు పసుపురంగు వేస్తోంది. సిరిగేరి పక్కన వరి పండించడానికి వలస వచ్చిన కోస్తావాళ్ళ క్యాంపులో పుట్టిన పిల్ల. బాటనీ డిగ్రీ చేసి, మూడు వారాల కిందటే మొక్కల లెక్క ట్యాబులో ఎక్కించే పనికి వచ్చింది. వచ్చిన మొదటిరోజే ఎండకు కళ్ళు తిరిగి పడితే రాహేలే మజ్జిగ తాగించింది.

"పాపా, ఈ ఇంగ్లీషు పేర్లు పెట్టేది ఎవురు?" అంది రాహేలు గడపలోనే నిలబడి. "వాళ్ళకి ఫోను చేసి అడగల్ల, జమ్మికీ కంపకీ ఒకే పేరు ఎట్ల పెట్టినారని."

హిమబిందు సంగతంతా విని కుంచె పక్కన పెట్టింది. "ఇంగ్లీషు కాదక్కా, లాటిన్. పాతకాలం రోమావాళ్ళ భాష."

"రోమావాళ్ళదా?" రాహేలు ఆశ్చర్యపోయింది. "మా యేసయ్య సిలువ పైన పలక కొట్టినారే, దాని మీద రాసిన మూడు బాసల్లో అదొకటి. మా పాస్టరయ్య ప్రతి గుడ్ ఫ్రైడేకి చెప్తాడు." ఒక్క క్షణం ఆగి అంది, "ఆ పలక రాయించింది కూడా ఒక ఆఫీసరేలే."

హిమబిందు నవ్వింది. తర్వాత ఒక పాత అట్టముక్క తీసుకుని దాని మీద రెండు మాటలు పక్కపక్కన రాసింది. "ప్రతి మొక్కకీ రెండు పేర్లుంటాయక్కా, మన పేర్లకి మల్లే. నేను గొట్టిముక్కల హిమబిందుని. ముందు ఇంటిపేరు, తర్వాత నా పేరు. ప్రోసోపిస్ అనేది ఇంటిపేరు. జమ్మిదీ అదే, కంపదీ అదే, దాయాదులన్నమాట. అసలు పేరు తర్వాత వస్తుంది. జమ్మి ప్రోసోపిస్ సినెరేరియా. కంప ప్రోసోపిస్ జూలిఫ్లోరా. మన బోర్డు రాసినాయన రెండోది రాయడానికి బద్ధకించాడు. కాగితం టైపు చేసినాయనా బద్ధకించాడు."

"అంటే ఇంటిపేరు చూసి పీకమన్నారా?"

"అంతేనక్కా."

రాహేలు మరిది ఎప్పుడో ఊరి మోటారు తీగలు తెంపి అమ్ముకున్నాడు. ఆ తర్వాత భర్త సాలొమోను వాచ్‌మన్ పనికి ఎక్కడ అడిగినా, ఇంటిపేరు వినగానే, అసలు పేరు చెప్పకముందే మనుషులు తల అడ్డంగా ఊపేవాళ్ళు. ఆ అవమానం ఎట్లాంటిదో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"సినెరేరియా అంటే ఏంది?" అని అడిగింది.

"బూడిద రంగుది అని."

రాహేలు కళ్ళు విప్పారాయి. పెద్ద జమ్మి చెట్టును ఎండాకాలంలో దూరం నుంచి చూస్తే అచ్చం పొయ్యిలో ఆరిన బూడిదలాగే ఉంటుంది. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ పట్టదనుకుందామె. ఎవరో, ఎక్కడివాడో, తనలాగే నిలబడి ఆ చెట్టును చూశాడు. "చూసినోడు బాగనే చూసినాడు," అంది.

మంగళవారం ఆమె సంచులు జరిపే పని మరొకరికి ఒప్పజెప్పి, బోర్డులు మోసే నెపంతో హిమబిందు వెనకాల మడి మడికీ తిరిగింది. ప్రతి బోర్డు దగ్గరా ఆగి ఏంది, ఏంది అని అడిగింది. పదిహేనేళ్ళుగా ఆమె ఆ అక్షరాల పక్కనుంచి నీళ్ళ పైపు లాగింది. అవి తాళం వేసిన ఇంటి తలుపుల్లా ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్క తలుపే తెరుచుకుంటుంటే పసిపిల్లలా సంబరపడింది. కానుగకు పిన్నాటా అని ఉంది. ఈక మాదిరి ఆకు అట. నారేపికి బినాటా. జంట అని. ఆకు రెండు రెక్కలుగా అతుక్కుని ఉంటుంది కదా మరి. వేపకు ఇండికా.

"మన దేశంది అని," అంది హిమబిందు.

"అది చెప్పేదానికి రోమా బాస కావల్లనా?" అని రాహేలు పెదవి విరిచింది.

చిగర మొక్క దగ్గర అల్బీజియా అమరా అన్న బోర్డు చూసి, అమరా అంటే లాటిన్‌లో చేదు అని హిమబిందు చెప్పింది. రాహేలు ఒక ఆకు తుంచి నమిలి, మొహం చిట్లించి ఉమ్మేసింది. "నిజమే పాపా. పాపం, పేరు పెట్టినోడు కూడా నమిలే పెట్టినాడు." ఆ మాటకు ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఎనిమిదో మడి దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మొక్కలు మూరెడెత్తున పచ్చగా ఉన్నాయి. బూడిద రంగు ఎక్కడా లేదు.

"అది చెట్టు పెద్దయ్యాకక్కా," అంది హిమబిందు బెంగగా. "ఇంత చిన్నప్పుడు రెండూ ఒకటేలా కనపడతాయి. సార్‌కి చూపించేదెలా?" షెడ్డుకు పరిగెత్తి కాలేజీ నోట్సు తెచ్చింది. నిలబడే పేజీలు తిప్పింది. "ఇదిగో, ముళ్ళు. కంపకి ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్ళు జంటగా వస్తాయి. జమ్మికి అట్లా కాదు, కణుపుకీ కణుపుకీ మధ్య కాండం మీద ఎక్కడపడితే అక్కడ పొట్టి ముళ్ళు."

రాహేలు కంచె దగ్గరికి నడిచింది. కంచె పొడుగునా మొలిచిందంతా సర్కారు కంపే. కన్నడంలో దాన్ని బళ్ళారి జాలి అంటారు. సముద్రాల అవతలి నుంచి వచ్చి మన జిల్లా పేరు తగిలించుకుని ఊరేగుతున్న ఘనత దానిది. ఒక కొమ్మ వంచి వేలితో తడిమింది. కణుపు, జంట ముళ్ళు. మళ్ళీ కణుపు, మళ్ళీ జంట. తిరిగివచ్చి మడిలోని మొదటి మొక్కను కళ్ళు మూసుకుని తడిమింది. చిన్న ముళ్ళు కాండమంతా చెదురుమదురుగా గుచ్చుకున్నాయి. రెండోదీ అంతే. మూడోదీ అంతే. వేళ్ళకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతే, మనసుకు ఇవాళ తెలిసింది.

"సాలు," అంది తృప్తిగా. "గురువారం సారు వేలే సాక్షి."

ఇరవయ్యో, ఇరవై ఒకటో మొక్క దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తడిమింది. కళ్ళు తెరిచి చూసింది. కణుపు దగ్గర రెండు ముళ్ళు, కవలపిల్లల్లా, పక్కపక్కన. మడిలో అన్నిటికన్నా ఏపుగా ఉన్న మొక్క అది.

అది ఎట్లా వచ్చిందో రాహేలుకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. సంచుల్లో మట్టితో కలిపిన ఎరువు ఊళ్ళో మేకలు కాసే హొన్నప్ప దొడ్డిది. ఎండాకాలంలో మేకలకు కంపకాయే మేత. తిన్న కాయలోని గింజ అరగకుండా పెంటికలో పడుతుంది, ఆ గింజే ఎరువుతోపాటు సంచిలోకి వచ్చింది. అది ఎవరి తప్పూ కాదు. తప్పు ఆ తర్వాత జరిగింది. నెల మొక్కలప్పుడు సంచికి ఒక్కటే ఉంచి మిగతావి తీసేసింది తనే. ఏపుగా ఉన్నదాన్ని ఉంచి, పీలగా ఉన్నదాన్ని పీకేయడం ఏ నర్సరీలోనైనా మొదటిరోజు నేర్పే పని. జమ్మి నిదానంగా పెరుగుతుంది, కంప ఎగిరి దూకుతుంది. తన చేత్తోనే జమ్మిని పీకి పారేసి, కంపకు పది నెలలు నీళ్ళు పోసింది.

బుధవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె పన్నెండు వందల మొక్కల్నీ ఒక్కొక్కటిగా తడిమింది. జంట ముళ్ళున్న సంచుల్ని ఎత్తి పదో మడి చివర వేరుగా పేర్చింది. వేలికొసల నుంచి నెత్తురు కారితే కొంగుకు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి వేరుచేసినవి రెండు వందల పద్నాలుగు తేలాయి. ఊళ్ళో ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోని మనిషి, ఆ రోజంతా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

"అక్కా, వీటిని ఇప్పుడే తీసుకెళ్ళి గుంతలో వేసేద్దాం," అంది హిమబిందు గొంతు తగ్గించి. "రేపు సార్‌కి మంచివి మాత్రమే చూపిద్దాం. ఇవి కనపడితే, మీ మళ్ళల్లో కంప ఉందిగా అని మొత్తం పీకించేస్తారు. లెక్క నేను సర్దుతాను. చచ్చిపోయాయని రాస్తే సరి."

రాహేలు ఆ మాట వినగానే కాదనలేదు. ఆశ ఎవరికుండదు? తొమ్మిది వందల పైచిలుకు జమ్మి మొక్కలు నవనవలాడుతూ ఎదురుగా ఉన్నాయి. రెండు వందల సంచులు గుంతలో పడేయడానికి అరగంట చాలు. సంచి మీద చెయ్యి వేసింది కూడా. వేసి, అట్లాగే ఉండిపోయింది.

"పోయినేడు సీతాఫలం, కానుగ మొక్కలు దిబ్బ మీదికి పోయినాయి కదా పాపా," అంది చివరికి. "అవిటికీ ఇదే దొడ్డి ఎరువు. ఆ సంచుల్లో ఎన్ని కంపలు పోయినాయో. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే, నాలుగేండ్లకి ఆ దిబ్బంతా కంపే ఉంటాది. నాటింది నేనే అయితాను."

"మరి ఇవి పీకించేస్తే?"

"భయంగానే ఉండాది," అంది రాహేలు. సంచి మీది చెయ్యి తీసేసి ఇంటిదారి పట్టింది.

గురువారం తొమ్మిదింటికి జీపు వచ్చింది. అధికారి బసవరాజ్ నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ ఇంకోచోటికి పోవాల్సిన తొందర. ఎనిమిదో మడి నిండుగా కనపడగానే హంపన్న వైపు తిరిగాడు. కోపం గొంతులో లేదు, కళ్ళలో ఉంది.

"ఏన్రీ హంపన్నా, సోమవారం చెప్పింది ఈరోజు కూడా కాలేదా?"

రాహేలు రెండు సంచులు చెరొక చేత్తో పట్టుకుని ముందుకు వచ్చింది.

"ఆయప్పది తప్పు లేదు సార్. నేనే పీకల్యా," అంది. సంచులు రెండూ అతని బూట్ల ముందు పెట్టింది. "ఒకసారి కూచొని, వీటిని చేత్తో ముట్టుకోండి సార్. పై నుంచి కిందికి. మెల్లగా, గుచ్చుకుంటాయి."

ఏమనుకున్నాడో, బసవరాజ్ గొంతుక్కూర్చున్నాడు. మొదటి కాండం తడిమాడు. రెండోది తడిమాడు. మళ్ళీ మొదటిది తడిమాడు.

"ఇది సినెరేరియా సార్, బూడిద రంగుది," అంది రాహేలు. "ముళ్ళు అంతటా ఉండాయి. ఇది జూలిఫ్లోరా. కణుపు కాడ జంటగా ఉండాయి. ఇంటిపేరు ఒకటే గానీ గుణం వేరే. అది నీళ్ళని, నేలని మింగుతాది. ఇది మాత్రం పక్కన జొన్న వేసినా పండనిస్తాది."

"ఇవి మీ మళ్ళల్లోనే ఉన్నాయా?" అతను రెండో సంచిని చూపించాడు.

"ఉండాయి సార్. రెండు వందల పద్నాలుగు. అదో, వేరే పెట్టినాను." మేకల ఎరువు సంగతి చెప్పింది. ఏపుగా ఉన్నదాన్ని ఉంచి పీలగా ఉన్నదాన్ని పీకిన సంగతి చెప్పింది. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "పోయినేడు దిబ్బకి పంపినవాటిలో కూడా ఇవి పోయుంటాయి. అవి కూడా చూడల్ల. తప్పు నాదే. శిక్ష వేస్తే నాకు వెయ్యండి సార్, జమ్మికి వద్దు."

బసవరాజ్ వేలికొస మీద తేలిన చిన్న నెత్తుటి చుక్కను తుడుచుకున్నాడు. తర్వాత హంపన్న చేతిలోంచి కాగితం తీసుకున్నాడు.

"దీన్ని టైపు చేయించింది నేనే," అన్నాడు నిదానంగా. "రెండో పేరు వదిలేశాను. అందరికీ తెలుసు కదా అనుకున్నాను." జేబులోంచి పెన్ను తీసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, ప్రోసోపిస్ పక్కన జూలిఫ్లోరా అని చేతిరాతతో రాసి, పక్కన సంతకం పెట్టాడు. అంతలో ఏదో గుర్తొచ్చి గబుక్కున లేచి ఫోను అందుకున్నాడు.

ఇదే కాగితం ఇంకో నాలుగు నర్సరీలకు వెళ్ళింది. మూడు చోట్ల ఇంకా చెయ్యి పెట్టలేదు. కాగితమంటే భయం అన్నిచోట్లా ఒకేలా ఉండదు మరి. జిల్లాలోనే ఉన్న ఎమ్మిగనూరు వైపు నర్సరీలో మాత్రం పొద్దున్నే మొదలుపెట్టారట.

"ఆపండి. ఆపండి అంటున్నాను కదా," అన్నాడు బసవరాజ్ ఫోనులో. పెట్టేసి రాహేలు వైపు తిరిగాడు. ఆ గొంతులో ఇప్పుడు ఆజ్ఞ లేదు. "అమ్మా, మీరు రాగలరా? అక్కడ ఏది ఏదో చెప్పేవాళ్ళు లేరు."

హంపన్న తనే జీపు తలుపు తీశాడు. "పో రాహేలమ్మా, ఈడ నేను చూసుకుంటా," అన్నాడు. మూడు రోజుల తర్వాత అతని మొహం తేటపడింది. హిమబిందు నోట్సు చంకన పెట్టుకుని వెనకసీట్లో ఎక్కింది.

వాళ్ళు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. చెరుకుతోట పక్కన చిన్న నర్సరీ. పీకిన మొక్కలు మట్టిగడ్డలతో సహా గంగరేగు చెట్టు కింద కుప్పగా పడి ఉన్నాయి. అక్కడ పనిచేసే అంబిక ఆ పక్కనే దిగులుగా కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకపోయినా, మనసొప్పక, కుప్ప మీద తడి గోనెపట్టా కప్పి ఉంచింది. రాహేలు పట్టా ఎత్తి ఒక మొక్క తీసి, వేరు గోటితో గీరింది. లోపల తెల్లగా తడి ఉంది.

"ఎంత మంచి పని చేసినావమ్మా," అంది. "బతుకుతాయి. సంచులు తెప్పించు. నీళ్ళు తెప్పించు."

నేల మీద చతికిలబడి మొదలుపెట్టింది. జమ్మి కుడివైపు, కంప ఎడమవైపు. హిమబిందు, అంబిక చెరోపక్క కూర్చున్నారు. కాసేపు నిలబడి చూసిన బసవరాజ్ చొక్కా చేతులు మడుచుకుని తనూ కూర్చున్నాడు. అతనికి ఒక్కో మొక్కకూ చాలాసేపు పడుతోంది. నాలుగు సరిగ్గా వేసి, ఐదోదాన్ని ఎడమవైపు పెట్టాడు. రాహేలు మాట్లాడకుండా చెయ్యి చాచి దాన్ని తీసి, అతని వేలిని పట్టుకుని కాండం మధ్యలో ఆనించింది. అతను తల ఊపి దాన్ని కుడివైపుకు మార్చాడు.

మధ్యాహ్నం దాటేసరికి కుప్ప అడుగుకు వచ్చింది. కుడివైపు మొక్కలు ఎడమవైపువాటికి మూడింతలున్నాయి. బసవరాజ్ ఫోను మోగింది. చూసి, ఎత్తకుండా పక్కన పెట్టేశాడు.

"రేపు దిబ్బ మీది మొక్కలు చూడాలి," అన్నాడు. "ఎన్ని గంటలకు జీపు పంపించమంటారు?"

ఇన్నేళ్ళల్లో ఆమెను ఎన్ని గంటలకు రమ్మంటారో చెప్పినవాళ్ళే గానీ, ఎన్నింటికి అని అడిగినవాళ్ళు లేరు. రాహేలు చేతిలోని మొక్కను కుడివైపు పెట్టింది.

"ఆరింటికి పంపండి సార్," అంది. "ఎండెక్కితే కాండం కాలుతాది, వేలికి ముల్లు తెల్దు."

బసవరాజ్ డ్రైవరును పిలిచి ఆరింటికి అని చెప్పాడు. తర్వాత కాస్త ఆగి, తనను కూడా ఆరింటికే ఎక్కించుకోమన్నాడు.